వెండి చెంచా ఎవరికి

నాన్న రుచి చూసిన మందులే నాన్నను తీసుకుపోయాయా?

ఏళ్ల తరబడి మోస్తున్న ఈ ప్రశ్నతో వీలునామా మొదలుపెట్టకూడదని లాయరుగారు అన్నారు. ఆస్తి వివరాలతో మొదలుపెట్టాలట. నా ఆస్తంతా ఆ ప్రశ్న చుట్టూనే ఉంది కనుక ఆయన మాట పక్కనపెట్టాను.

మూలికల కొట్టు యజమానురాలినీ, వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ చదివినదాన్నీ, వీధిలో అందరికీ చేదక్కనూ అయిన నేను, కాలేయం చెడినా మతి చెడలేదని డాక్టరుగారు రాసిచ్చిన మీదట, ఎవరి ఒత్తిడీ లేకుండా, స్వహస్తంతో రాస్తున్న వీలునామా ఇది. ఇంతకుముందు రాసినవేవైనా ఉంటే అవి చెల్లవు. దీన్ని అమలు జరిపే బాధ్యత మా అన్నయ్యది.

1. కొట్టు, దాని వెనక నూరే గది, రాతి కల్వం, అరల్లోని సరుకు నా తదనంతరం నా ఏకైక కూతురు చిట్టికి సర్వహక్కులతో చెందాలి. నడుపుకుంటుందో, అమ్ముకుంటుందో దాని ఇష్టం. అమ్మేస్తే నేను ఏడవను. అప్పటికి ఏడ్చే వీలూ ఉండదు. నడిపితే మాత్రం ఒక షరతు: ఎవరొచ్చినా, ఇప్పటికే ఏ మాత్రలు మింగుతున్నారో అడగకుండా పొట్లం కట్టకూడదు.

2. నాన్న కూర్చున్న పేము కుర్చీ, ఎదురు వరసలో ఇంగ్లీషు మందుల షాపు నడిపే అన్నయ్యకు. మాది గడ్డి అమ్మే కొట్టు అని జీవితమంతా ఎగతాళి చేసిన మనిషికి కుర్చీ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. గొంతు పోయిన టీచరమ్మకు మా అతిమధురం కషాయంతో మాట తిరిగొచ్చినప్పుడు, "ఏమేవ్, ఆ గడ్డి నాకూ కాస్త కట్టివ్వు" అంటూ దొడ్డిదారిన వచ్చింది ఆయనే. అదే కషాయం మానకుండా తాగిన బస్సు డ్రైవరు, బీపీ పెరిగి స్టీరింగు మీద తల వాల్చేశాడు. బస్సు స్టాపులో ఆగి ఉంది కాబట్టి సరిపోయింది. "ఆకులూ వేళ్లే కదా, ఏం చేస్తాయిలే అనుకున్నానక్కా" అన్నాడు ఆసుపత్రి మంచం మీద. బీపీ ఉన్నవాళ్లకు అది పోయవద్దని రోడ్డు దాటొచ్చి అరిచి చెప్పిందీ అన్నయ్యే. కనుక కుర్చీ ఆయనదే గానీ, అది కొట్టులోనే ఉండాలి. ఆయన రోడ్డు దాటుతూ ఉండాలి.

3. నా చెక్క దువ్వెన మా ఆయనకు. కీళ్ల మాత్రలతో నా కడుపులో పుండుపడి, అవి మానేశాక వేళ్లు బిగుసుకుపోయిన రోజుల్లో ఆయనే నాకు జడ వేసేవారు. వంకరగా వేసేవారు. నేను సణిగేదాన్ని. తర్వాత మా కొట్టు చూర్ణమే నా వేళ్లు నాకు తిరిగిచ్చింది. ఆ వేళ్లతోనే ఇది రాస్తున్నాను. వంకర జడే బాగుండేదండీ.

4. వెండి చెంచా.

ఇది నాన్న పెట్టిన నియమం. కొత్తగా నూరిన ఏ మందైనా, నూరినవాళ్లు ఈ చెంచాతో నోట్లో వేసుకుని మింగాకే డబ్బాకు ఎత్తాలి. "మనం మింగనిది ఊరికెలా పోస్తామే?" అనేవారు. ఒకసారి మూటలో పనికిరాని వేరు ఏదో కలిసిపోయి వచ్చింది. రంగు అదే, వాసనా అదే. చెంచా నోట్లో పెట్టగానే నాలుక మొద్దుబారింది, ఉమ్మేశాను. మూట మొత్తం గోతిలో పోయించాం. ప్రయోగశాలకు పంపవచ్చుగా అంటారు. వాళ్లు మనం అడిగిన విషాన్నే వెతుకుతారు. ఏం అడగాలో తెలియనప్పుడు ఇక మిగిలింది నాలుకే.

తర్వాత నాన్న కళ్లు పచ్చబడ్డాయి. ఇప్పుడు నావి. "చూర్ణాల వల్ల కావచ్చు, ఖాయంగా చెప్పలేమమ్మా" అంటారు డాక్టరుగారు. కొట్టు గడపే తొక్కని మేనత్తా ఇలాగే పోయింది. ఒక్క మందూ రుచి చూడని అన్నయ్య కాలేయం మాత్రం, ఆయన సాయంత్రాలు సీసా ముందు గడిపినా, నిక్షేపంగా ఉంది. ఎటు తిరిగినా గోడే.

మొన్న మంచినీళ్లు పట్టడానికి వంగినప్పుడు చిట్టి నాలుక మీద ఆకుపచ్చ మరక చూశాను.

చిట్టీ, కన్నతల్లి కూతురి కాళ్లు పట్టుకోకూడదంటారు. నేను పట్టుకుంటాను. వద్దే, తల్లీ. "రుచి చూడకుండా ఎలా అమ్మనమ్మా? నువ్వు అమ్మావా?" అన్నావు. అమ్మలేదు. నువ్వు చెంచా మానేస్తే ఆ మొద్దుబార్చే వేరు ఎవరింటికి పోతుందో తెలియదు. మానకపోతే నీ కళ్లు ఏ రంగుకు తిరుగుతాయో తెలియదు. నాకిక వ్యవధి లేదు.

చెంచాను నా వెంటే పంపెయ్యమని ఒకసారి రాసి కొట్టేశాను. చిట్టికి అని రాసి అదీ కొట్టేశాను. రెండు కొట్టివేతల పక్కనా లాయరుగారు నా చేత పొట్టి సంతకాలు పెట్టించారు. మూడోసారి కలం కదల్లేదు. నాన్నను తీసుకుపోయిందీ, నన్ను తీసుకుపోతున్నదీ ఆ మందులేనో, మమ్మల్ని ఇన్నాళ్లూ నిలబెట్టింది కూడా అవేనో తేల్చుకోలేకపోయాను. చెంచా ఎవరికో ఇప్పటికీ నాకు తెలియదు. ఈ అంశం ఖాళీగానే వదిలేస్తున్నాను.

తేదీ: మార్చి తొమ్మిది, కొట్టు వెనక గదిలో.

(సంతకం) చేదక్క

సాక్షులు:
1. గొంతు తిరిగొచ్చిన టీచరమ్మ
2. బస్సు డ్రైవరు