కింది వాటాలో వినిపించిన చప్పుడు

శ్రీవారికి చిజురు నమస్కారాలు. ఇక్కడ నేనూ మియో క్షేమం. కనజవా వానల్లో మీరూ తడవకుండా, ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. నగోయాలోనూ ముసురు పట్టింది. బట్టలన్నీ గదుల్లోనే ఆరుతున్నాయి. వంటగదిలో వేలాడే మీ పాత చొక్కాకు "వెళ్ళొస్తా నాన్నా" అని చెప్పి మరీ మియో బడికి పోతోంది.

మీ ప్రశ్నలకు వరుసగా జవాబులు. దగ్గు మందు అందింది. మియోకు లెక్కల్లో మార్కులు పెరిగాయి, ఇంగ్లీషులో పెరగలేదు. ఫ్యాక్టరీ వాళ్ళు పరీక్షకని మనింట్లో పెట్టిన కొత్త వాషింగ్ మెషీన్ నమూనా బాగా పనిచేస్తోంది. ఇక దాని చప్పుడు గురించి కింది వాటా కువాబారా గారు ఏమన్నారన్నది పెద్ద ప్రశ్న. వచ్చేవారం మీటింగులో సరేనంటే ఇలాంటివి వేలల్లో చేయడానికి అచ్చులు పోయిస్తారు, అక్కడ మీ పని ముగిసి ఇంటికొస్తారు. అది నాకు తెలుసు.

మెషీన్ తయారు కాకముందే దాని చప్పుడును కంప్యూటరులో లెక్కగడతామని మీరన్న రోజు నేను నవ్వాను. మీరు పళ్ళెంలోని తోఫును, ఆ మెత్తటి సోయా పనీరును, చిన్న ముక్కలుగా కోసి, పళ్ళేన్ని కదిపారు. "ఒక ముక్క వణికితే పక్క ముక్క ఎంత వణుకుతుందో చూడాలి. చివరిది గాలిని ఎంత నెడుతుందో అదే మనకి వినపడే చప్పుడు. ఈ మెషీన్ బట్టలు పిండేటప్పుడు, వేగం అందుకుంటూ ఒక్కసారి హుమ్మంటుంది, ఒక ఊపిరి సేపు. తర్వాత కింది వాటాకి ఏమీ వినపడదు" అన్నారు. అప్పటికి దానికి ఒక్క స్క్రూ కూడా బిగించలేదు.

ఇప్పుడు దాచిన మాట. "ఆవిడ ఏమీ అనలేదు" అని ప్రతి ఉత్తరంలో రాశాను. నిజమే. కాని ఆవిడ పనికి వెళ్ళాకే మెషీన్ వేసేదాన్ని. సాయంత్రం పూట ఒకరి నెత్తిన బట్టలు పిండడానికి మనసొప్పలేదు. నా మాటను మీరు నివేదికలో చేర్చారని చదివాక ఇక దాచకూడదనుకున్నాను.

ఆవిడను అడిగి లాభం లేదు. పైన ఏనుగు గెంతినా "ఏమీ వినపడలేదండీ" అనే మర్యాద ఆవిడది. అందుకే నిన్న భోజనాలయ్యాక మెషీన్‌కు టైమరు పెట్టి, మోచీల డబ్బా, అవే బియ్యప్పిండి మిఠాయిలు, పట్టుకుని కిందికి బయలుదేరాను.

"నాన్న లెక్క కోసం గూఢచారివయ్యావా అమ్మా!" అంది మియో.

"మోచీలెందుకండీ! మీరసలు పైన ఉన్నారో లేదో తెలీదు. పిల్లులైనా మీకన్నా గట్టిగా నడుస్తాయి" అంటూ కువాబారా గారు టీ పోశారు.

నేను చెవులు పైకప్పుకు అప్పగించి కూర్చున్నాను. పైన మెషీన్‌లోంచి నీళ్ళు దిగాయి. ఆ తర్వాత హుమ్మని ఒక్క మూలుగు, ఒక ఊపిరి సేపు. ఆపైన వాన చప్పుడే. తోఫు పళ్ళెం ముందు మీరు చెప్పింది చెప్పినట్టే! నాకు ఒళ్ళు పులకరించింది.

ఆవిడ కప్పు దించి పైకి చూసింది.

"మీవారు వచ్చేశారా? చెప్పనేలేదే!"

"లేదండీ. ఎందుకలా అడిగారు?"

"ఇప్పుడే గొంతు సవరించుకున్నారుగా! ఇదివరకు మీ ఇంట్లోంచి వినపడేది అదొక్కటే. అది విన్నాకే నేను దీపం ఆర్పేదాన్ని."

అది మెషీనేనని, ఇన్నాళ్ళూ ఆవిడ లేనప్పుడే వేశానని నిజం చెప్పేశాను. ఆవిడ పడీ పడీ నవ్వింది. "ఈమాత్రం దానికి నేను పనికి వెళ్ళేదాకా ఆగేవారా? రోజూ వేసుకోండమ్మా, నాకూ తోడు" అంది.

కాబట్టి నివేదికలో నా పాత మాటలు కొట్టేసి, ఇది రాయండి. మోచీల ఖర్చు మీ ఫ్యాక్టరీ పద్దులో వేశాను. మీటింగులో ఎవరైనా ఆ హుమ్ కూడా ఉండకూడదంటే తీసేయండి. మన ఇంట్లో ఉన్నదాన్ని మాత్రం, మీరు వచ్చేదాకా ఎవరినీ ముట్టుకోనివ్వను.

ఇట్లు,
ఈ సాయంత్రం కూడా బట్టలు వేయబోతున్న
మీ భార్య
చిజురు