ఎత్తు ఎక్కని కారు

అన్నయ్యకి, ఇక్కడ అందరం కులాసా. కార్డు చూసి కంగారు పడకు.

అమ్మాయిని కాలి వ్యాయామానికి వారానికి మూడుసార్లు రెండు బస్సులు మార్చి తీసుకెళ్లలేక, ఒక పాత కారు చూశాం. చిన్న ఇంజను, ఎనిమిది వందల సీసీ. ధర మా తాహతుకు తగినట్టే ఉంది. అమ్మేది రిటైరైన టీచరమ్మ. నిన్న ఆవిడతో సహా అందరం ఎక్కాం, నేనే నడిపాను. ఆసుపత్రి ముందున్న ఎత్తు సగం ఎక్కి ఆగిపోయింది.

"బరువెక్కువైతే ఇంతే బాబూ, దాచడమెందుకు!" అంటూ టీచరమ్మ దిగింది. నీ మరదలూ దిగింది. అయినా బండి కదలలేదు.

"నాన్నా, నేనూ దిగనా?" అంది అమ్మాయి. కాలు విరిగినప్పటి నుంచి మా చెయ్యి పట్టుకోనిదే అడుగు వెయ్యని పిల్ల, నేను వద్దనేలోపే తలుపు పట్టుకుని దిగి, దాన్ని వదిలేసి నాలుగడుగులు వేసింది. నేను బ్రేకు మీంచి కాలు తియ్యకుండా అలాగే చూస్తూ ఉండిపోయాను.

ఇప్పుడు నాకేమీ పాలుపోవడం లేదు. ఎత్తు ఎక్కని కారు ఎలా కొనను? నీ మరదలేమో "అదే కొనండి, పిల్ల నడుస్తుంది" అంటోంది. మెకానిక్కు వెయ్యి సీసీది చూడమంటున్నాడు. ముప్పై ఏళ్లు బస్సు నడిపినవాడివి, ఏది కొనాలో వెంటనే రాయి.

వదిన కంటి కట్టు విప్పారా? చుక్కలు వేళకు వేస్తున్నావా? మీ ఇద్దరికీ మా దండాలు, పిల్లకి మీ దీవెనలు కావాలి.

అన్నట్టు, నువ్వు చేయిస్తానన్న చంకకర్రలు ఇప్పుడే చేయించకు. వడ్రంగిని కాస్త ఆగమను.

నీ తమ్ముడు