చెల్లి కనిపెట్టిన నాలుగంకెలు

ఆదివారం రాత్రి, పలాస

చెల్లి మీద ప్రేమతో ఓడిపోయానట! అమ్మకు నేనెప్పుడూ అర్థం కాను.

జీడిపప్పు పొట్టు తీస్తూ ఇద్దరం ఆడాం. ఎదుటివాళ్లు మనసులో దాచిన నాలుగంకెల సంఖ్య కనిపెట్టాలి; అడిగినప్పుడల్లా ఎన్ని అంకెలు సరిపోయాయో చెబుతారు. నేను తోచిందల్లా అడిగాను. ఇంటర్ చదివే చెల్లి 1111, 2222 అంటూ, లేని అంకెలను పొట్టులో వేలితో రాసి కొట్టేసింది.

"అలాగేటే అడుగుతావు, పిచ్చిదానా?" అని నవ్వాను.

నేనింకా తడుముకుంటుంటే నా సంఖ్య చెప్పేసింది. డిగ్రీలో లెక్కలు చదివింది నేను! కడుపు మండిపోయింది.

"పెద్దది కదా, కావాలనే ఓడిపోనాది," అంది అమ్మ.

"అప్పా, నిజంగా నానే గెలిసాను కదా? సెప్పు!" అని చెల్లి అక్కనైన నన్ను నిలదీసింది.

నేను తల వంచుకుని పప్పు ఏరాను. అది ఇంకా నా ముఖమే చూస్తోంది...

రేపు మళ్లీ అడిగితే, కావాలనే ఓడిపోయానని చెబుతాను.