పాటల నడుమ సుధారాణి గొంతు

కామారెడ్డి జిల్లా ఎల్లారెడ్డి పాత బస్టాండు ఎదుట ఒకప్పుడు ‘సుధారాణి రికార్డింగ్ సెంటర్’ నడిపి, ప్రస్తుతం కామారెడ్డిలో అద్దె గదిలో ఒక్కడినే ఉంటున్న బొల్లి పర్శరాములు, తండ్రి కీ.శే. బాలయ్య, వయస్సు అరవై ఎనిమిది, అను నేను పూర్తి తెలివిలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా నా చేతితో రాసుకున్న వీలునామా. మోకాళ్లు పోయాయి గానీ బుద్ధి నిలకడగానే ఉంది. చెవులు కూడా బాగానే ఉన్నాయి, నా కష్టమంతా వాటితోనే.

1. నాకు సంతానం లేదు. ఎల్లారెడ్డిలోని నా స్వార్జితమైన రెండు గదుల ఇల్లు నా తదనంతరం, ఇప్పుడు అందులోనే ఉంటున్న తమ్ముడు హన్మంతుకు సర్వహక్కులతో చెందవలెను. నా క్యాసెట్లన్నిటినీ గోనెసంచుల్లో కట్టి పాత సామాన్లవాడికి వేసినవాడు వాడే. “ఇయ్యాల రేపు గివన్ని ఫోన్లనే వస్తున్నయ్ గదా అన్నా” అన్నాడు. ఆ మాట నేను మరవలేదు. ఇల్లు మాత్రం వాడికే.

2. హన్మంతు కొడుకు నగేశ్‌కు నా పెన్‌డ్రైవు. క్యాసెట్లు పోకముందే మంచి ఆల్బమ్‌లన్నీ అందులోకి ఎక్కించింది అతనే. మా రోజుల్లో ఒకరి రికార్డింగును ఇంకొకరు ఎత్తుకుపోకుండా పాటల నడుమ దుకాణం పేరు చెప్పి, దాన్ని కూడా రికార్డు చేసి క్యాసెట్లు నింపేవాళ్లం. మా దుకాణంలో ఆ గొంతు నా భార్య సుధారాణిది. ఆమె పోయి ఎనిమిదేళ్లయింది. ఫోటోలు ఉన్నాయి, గొంతు ఆ క్యాసెట్లలోనే ఉండేది. “నడుమ నడుమ అడ్వర్టైజ్‌మెంట్లు వస్తుంటే అన్ని కోసేసిన పెద్దబాపు, ఇగ సాఫీగ వినొచ్చు” అని నగేశ్ సంతోషంగా తెచ్చిచ్చాడు. ప్రేమతో చేసినవాడిని ఏమని తిట్టను? ఆమె మాట రావలసిన చోట ఇప్పుడు ఒక పాట వెంట ఇంకో పాట వచ్చేస్తుంది. నేను మాత్రం ప్రతిసారీ అక్కడ ఎదురుచూస్తాను.

3. హన్మంతు కూతురు నిరోష ఈ వీలునామాను అమలు చేయవలెను, అందుకే దీన్ని ముందే ఆమె చేతికిస్తున్నాను. ఆమెకు ఇవ్వడానికి నగలు లేవు కాబట్టి నా అభిప్రాయాలు దఖలు పరుస్తున్నాను. ‘నీలి స్కూటర్’ ఆల్బమ్ వచ్చినప్పుడు కాలేజీ పిల్లలు దుకాణం ముందు తోసుకున్నారు. ఇప్పుడు వింటే పైన పటారం, లోన లొటారం. ‘బస్సు కిటికీ’ని అప్పట్లో అడిగినవాడు లేడు. ఒక గిటారు, ఒక తబలా, పాడే అమ్మాయి ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తుంది. దానికి ఇంకా ముసలితనం రాలేదు. గొప్ప చూపించాలని చేసింది పాతబడుతుంది, మనసులో మాట చెప్పుకున్నది నిలుస్తుంది. సుధారాణికి కూడా ‘బస్సు కిటికీ’యే ఇష్టం.

4. నా రెండు క్యాసెట్ల డెక్కు, జుక్కల్ దగ్గర తండాలో ఉండే దేవ్‌సింగ్‌కు, నేను బతికుండగానే పంపవలెను. ‘బస్సు కిటికీ’ని మా దగ్గర నింపించుకున్న కొద్దిమందిలో అతనొకడు. మొన్న దసరా ముందు మార్కెట్లో కలిసి, “మా సోమ్లి రొట్టెలు చేసేటప్పుడు రోజు గదే పెడ్తది అన్నా. నడుమల అక్క గొంతు వస్తది. మా టేపే మొరాయిస్తున్నది” అన్నాడు. సోమ్లి అతని భార్య. వస్తానన్నాను, పోలేదు. పోతే ఆ గొంతు విని మళ్లీ ఈ గదికే తిరిగి రావాలి. అది నా వల్ల కాదు. ఆ క్యాసెట్ మీద నా వారసులకు ఎటువంటి హక్కు గానీ దావా గానీ లేదు. దాన్ని శుభ్రం చేస్తానని నగేశ్ పోరాదు.

5. నా పాడె లేపే ముందు భజన పాటలు పెట్టవద్దు. నిరోష దేవ్‌సింగ్‌కు ఫోన్ చేసి, సోమ్లిని ఆ క్యాసెట్ పెట్టమని అడిగి, ఫోన్ నా చెవి దగ్గర ఉంచవలెను. అప్పటికి నేను తిరిగి రావలసిన గది ఉండదు. మొదటి పాట అయిపోగానే ఫోన్ పెట్టేయకు బిడ్డా. ఆమె ఆ తర్వాతే మాట్లాడుతుంది.

కామారెడ్డి, 17 నవంబరు 2025

(సంతకం) బొల్లి పర్శరాములు

సాక్షులు:
సలోమి, పక్క గది
శ్రావణ్, మొబైల్ రిపేరు దుకాణం