తిరగడం నేర్చిన బాతు

జూన్ 4
మళ్ళీ బోర్లా పడింది. మోటారు బాగానే ఉంది, గేర్లూ బాగానే ఉన్నాయి. బాతు మాత్రం నాలుగడుగులు వేసి ముక్కు నేలకేసి కొట్టుకుంటోంది. ఒక కాలు లేపేముందు బరువు రెండో కాలి మీదికి వెళ్ళాలి. అంతే సంగతి. ఇంత చదువు చదివి, ఇన్నేళ్ళు బొమ్మలు చేసి, నిలబడడం అంటే ఏమిటో నాకింకా తెలియదేమో.

మేనేజర్ చూసి, మేడమ్, ఇది బాతా, తాగుబోతా అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

జూన్ 11
పాదాలు వెడల్పు చేశాను. నడిచింది! ప్రోటోటైప్ ఇంటికి తెచ్చాను. అన్నయ్య సోఫాలోంచే చూసి, వచ్చారా మా బావగారు, ఇన్నాళ్ళకి ఓ సంబంధం కుదుర్చుకున్నావన్నమాట అన్నాడు. పెళ్ళి మాట మరిచిపోయిన ఈ వయసు చెల్లెల్ని ఇంకా ఏడిపించగలడు. పార్కిన్సన్స్ తన చేతుల్ని తీసుకుంది, టైలరింగ్ షాపు మూయించింది. నోటి జోలికి మాత్రం రాలేదు.

జూన్ 15, సాయంత్రం
బాత్‌రూమ్‌కి వెళ్తూ అన్నయ్య హాలు గడప దగ్గర ఆగిపోయాడు. కాళ్ళకి మేకులు కొట్టినట్టు. ఇది రోజూ ఉండేదే. నేను వెళ్ళి చెయ్యి పట్టుకుంటాను, తను మొహం పక్కకి తిప్పుకుంటాడు. ఇవాళ నేను లేచేలోగా, టెస్టింగ్‌కి నేల మీద వదిలిన బాతు తన ముందునుంచి వెళ్ళింది. టక్, టక్, టక్. అన్నయ్య కాలు లేచింది. రెండోదీ లేచింది. దాని వెనకాలే వెళ్ళి తలుపేసుకున్నాడు. లోపల్నుంచి, బావగారు దారి చూపిస్తున్నారు, నువ్వు పోయి నీ పని చూసుకోవే అన్నాడు.

నాకు చూసుకోవడానికి పనేదీ గుర్తు రాలేదు.

జూన్ 18
అన్నయ్యకి వ్యాయామం చేయించే ఫిజియో అమ్మాయిని అడిగాను. ఆశ్చర్యపోలేదు. ఒక తాళంలాంటి చప్పుడు గానీ, ముందొక గీత గానీ ఉంటే ఆగిన కాళ్ళు కదులుతాయట. మలుపుల దగ్గర జాగ్రత్త మేడమ్, ఉన్నచోటే గిరుక్కున తిరగనివ్వొద్దు, పెద్ద చుట్టు తిప్పించండి, వీళ్ళు పడేది అక్కడే అంది. తలూపాను.

జూలై 2
బాతు కాళ్ళని ఆడించే క్రాంక్ మార్చాను. టక్ టక్ ఇప్పుడు అన్నయ్య అడుగంత నిదానం. కంపెనీ కోసం చేస్తున్నానో, ఇంటి కోసం చేస్తున్నానో నాకే తెలియడం లేదు.

ఒకటే చిక్కు. గోడ తగిలితే బాతు అక్కడే కాళ్ళాడిస్తూ ఉండిపోతుంది. నేను ఎత్తి ఇటు తిప్పాలి. మరి నేను ఆఫీసుకి వెళ్తే? సాయంత్రం నేనొచ్చేదాకా అన్నయ్య బిగబట్టుకుని కూర్చుంటున్నాడు. పక్కింటావిణ్ణి పిలవమంటే, దానికంటే చావడం నయం అన్నాడు. నవ్వుతూ అనలేదు.

జూలై 9
ముక్కులో స్విచ్ పెట్టాను. గోడ తగలగానే ఒక కాలు ఆగుతుంది, రెండోది ఆడుతుంది. బాతు ఉన్నచోటే గిర్రున తిరిగి వెనక్కి వస్తుంది. ఎంత శుభ్రంగా తిరిగిందో! మేనేజర్ చప్పట్లు కొట్టి, ఇదీ నాక్కావలసింది, పెట్టె మీద ఈ బొమ్మే వేద్దాం అన్నాడు.

దాన్ని మళ్ళీ ఇంటికి తెస్తూ, చాలా కాలానికి నన్ను నేను మెచ్చుకున్నాను.

జూలై 10
మధ్యాహ్నం అన్నయ్య ఫోన్ చేసి, బావగారూ నేనూ వెళ్ళొచ్చేశాం, ఇక నీతో పని లేదు పో అన్నాడు. ఆ గొంతు విని ఎన్నాళ్ళయిందో. వెనక్కి ఎలా తిరిగావని అడగాలని తోచలేదు.

జూలై 17
తుంటి ఎముక.

జూలై 19, ఆసుపత్రి
చప్పుడు విని పక్కింటావిడ వచ్చిందట. బాత్‌రూమ్ పక్క గోడ దగ్గర పడి ఉన్నాడట. బాతు మాత్రం హాల్లో అటూ ఇటూ నడుస్తూనే ఉందట. మనిషి మీదికే వస్తోందమ్మా, భయమేసి కాలితో తన్నేశాను, ఏమీ అనుకోకు అంది.

అది తిరిగింది. దాంతోపాటు అన్నయ్య తిరిగాడు, ఉన్నచోటే. ఫిజియో అమ్మాయి చెబితే నేను తలూపిన మాట. తిరిగేటప్పుడు బాతు పడకుండా ఉండడం ఎలాగని అన్ని రోజులు ఆలోచించాను. వెనక మనిషి ఉన్నాడని మరిచిపోయానా? మరిచిపోలేదు. ఆ మనిషి కోసమే చేశాను. మరి ఏం చేశాను?

ఆగస్టు 6
ఇక నడవడు. డాక్టర్ ఆ మాట అనలేదు. వీల్‌ఛైర్ మీ ఇంటి తలుపుల్లోంచి పడుతుందా, కొలిచి చూసుకోండి అన్నాడు.

ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి అన్నయ్య ఒక్కోసారి మనుషుల్ని పోల్చుకోవడం లేదు. నిన్న నన్ను చూసి, ఏమ్మా, జాకెట్టు ఎప్పటికి కావాలి అన్నాడు. జోకేమోనని కాసేపు ఎదురుచూశాను.

ఆగస్టు 20
ఫ్యాక్టరీలో బాతులు తయారవుతున్నాయి. మలుపు మారుద్దామన్నాను. మేనేజర్ జాలిగా చూసి, పిల్లలు పడితే లేస్తారు మేడమ్, మీరు కొన్నాళ్ళు రెస్ట్ తీసుకోండి అన్నాడు. అందులో తప్పు మాట ఒక్కటీ లేదు.

ఆగస్టు 31
ఇంట్లో ఉన్న బాతుకి మలుపు మార్చాను. ఇప్పుడు పెద్ద చుట్టు తిరుగుతోంది. అన్నయ్య మంచం పక్కన వదిలాను. టక్, టక్, టక్. గోడవైపు తిరిగి పడుకున్నవాడు, ఎవరది అన్నాడు.

నేనే అన్నాను.