ఈ జన్మకి తీరని రుణం: అసలెంత, వడ్డీ ఎంత?

ఆఫీసు పెద్దగారికి,

నమస్కారం పాత బాకీ తీరాక పెడతాను. తొమ్మిదేళ్ల కిందట మీ ఆఫీసు ఇనప్పెట్టె తాళంచెవి ఎవరో పోగొడితే, పెట్టెకి గీత పడకుండా తీసిచ్చిన తాళాల మేస్త్రిని నేనే. "కూలి రేపొచ్చి తీసుకో" అన్నారు. మీ రేపు ఇంకా తెల్లారలేదు.

అలాంటి మీరు, మా మనవరాలికి మీ రహస్య కాగితాల గదిలో ఉద్యోగం ఇవ్వాలంటే ఇంట్లో అప్పులున్నాయో లేవో చెప్పమని నాకు కాగితం పంపుతారా? అప్పులున్నవాళ్లని బెదిరించో, డబ్బు ఎరవేసో గుట్టు లాగుతారట. సరే, రాసుకోండి. మా ఇంటావంటా అప్పు లేదు. అగ్గిపుల్ల కూడా అరువడగను. తల్లీతండ్రీ లేని పిల్ల, నేనే పెంచాను. రుణపడటం అంటారా, అది మాత్రం చాలామందికి పడి ఉంది. ఎదురింటి దర్జీ ఆవిడ రుణం ఈ జన్మకి తీరేది కాదు. లెక్కల మాస్టారిదీ అంతే.

ఇట్లు,
తాళాల మేస్త్రి

తా.క. ఆ పెట్టెలో ఏం చూశానో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

*

మేస్త్రి గారికి,

మీ ఉత్తరం అందినది. అభ్యర్థిని ఈ జన్మలో తీర్చలేనంత రుణంలో ఉన్నట్లు తమరే ధ్రువీకరించినందున నియామకం నిలిపివేయడమైనది. సదరు దర్జీకి, మాస్టారికి విడివిడిగా అసలెంత, వడ్డీ ఎంత, తాకట్టు ఏమిటి, వారు ఎన్నడైనా బెదిరించారా అన్నది తెలుపవలెను. మా మనిషి కూడా వచ్చి వారిని విచారించగలడు.

భవదీయుడు,
విచారణాధికారి

తా.క. మీ కూలి ఫైలు ఆ ఇనప్పెట్టెలోనే ఉన్నదని తెలిసినది. పెట్టె తాళంచెవి మళ్లీ కనబడుట లేదు.

*

విచారణ బాబుకి,

మీ మనిషి వెళ్లి "వడ్డీ ఎంత?" అన్నాడట. దర్జీ ఆవిడ కత్తెరతో సహా మా గుమ్మంలోకి వచ్చింది. "ఏమయ్యా మేస్త్రీ! పసిపిల్లని ఒళ్లో పడుకోబెట్టుకుని మిషను తొక్కినదాన్ని. దానికి నేను వడ్డీ కట్టించుకుంటున్నానని రాశావా?" అని కడిగేసింది. మాస్టారు మాత్రం బెదిరించిన మాట నిజమేనని ఒప్పుకున్నాడట. ఎక్కాలు రాకపోతే గోడకుర్చీ వేయిస్తానని.

అయ్యా, అప్పు వేరు, రుణం వేరు. అప్పు కట్టేస్తే తీరుతుంది. రుణం తీరిపోయిందని అనుకున్నవాడు మనిషే కాదు. అంత చదువుకున్నారు, ఇది చెప్పలేదా మీకు? మళ్లీ రాస్తున్నాను, మా ఇంట్లో అప్పు దమ్మిడీ లేదు. ఉందని తేలితే మీసం తీయించుకుంటాను.

మీసమున్న మేస్త్రి

తా.క. దర్జీ ఆవిడ కత్తెర ఇంకా మా బల్ల మీదే ఉంది. మీ మనిషి మళ్లీ వస్తాడేమోనని వదిలి వెళ్లింది.

*

మేస్త్రి గారికి,

రుణాల సంగతి బోధపడినది. క్షమించవలెను. కానీ అప్పు దమ్మిడీ లేదని తమరు రెండుసార్లు రాసినారు. అభ్యర్థిని మాత్రం బ్యాంకులో అప్పు చేసి నెలనెలా కడుతున్నట్లు మొదటిరోజే మాకు రాసిచ్చినారు. కారణం: తాతగారి కంటి ఆపరేషన్. సక్రమంగా కడుతున్న అప్పు మాకు అడ్డు కాదు. దాచుటయే అడ్డు. మీ ఇద్దరిలో దాచినది ఎవరు?

భవదీయుడు,
విచారణాధికారి

*

అధికారి గారికి,

ఈసారి నమస్కారం ముందే పెడుతున్నాను.

మీ కాగితం పట్టుకుని గుమ్మంలోనే కూర్చున్నాను. పిల్ల ఇంటికి రాగానే అడిగాను. "ఆపరేషన్ ఉచితమన్నావు కదే?"

"అన్నాను. లేకపోతే గుడ్డిగానైనా కూర్చుంటావు గానీ, అప్పు చేయనిస్తావా తాతయ్యా?"

"ఆఫీసుకి చెప్పిన ముక్క నాకెందుకు చెప్పలేదు?"

"అడగడం వాళ్ల పని. నువ్వు అడగలేదు. చెబితే కట్టు విప్పుకుని లేచి వచ్చేసేవాడివి."

నిజమే, వచ్చేసేవాణ్ణి.

ఇక మీ ప్రశ్నకి జవాబు. నేను దాచలేదు, నాకు తెలియదు. దాచింది అదే, కానీ మీ దగ్గర కాదు. ఒక్క కప్పు కింద ఉంటూ, రోజూ నా ఎదురుగా కూర్చుని అన్నం తింటూ, రెండేళ్లు నాకు వాసన తగలనివ్వలేదు. అడగాల్సినవాళ్లు అడిగితే మొదటిరోజే చెప్పేసింది. నా జన్మంతా తాళాలతోనే గడిచింది. ఏ చెవికీ తెరుచుకోనిది తుప్పు పట్టిన తాళం. అన్ని చెవులకీ తెరుచుకునేది దొంగ తాళం. తన చెవికి మాత్రమే తెరుచుకునేదే మంచి తాళం. మీ గదికి ఇంతకన్నా మంచిది దొరికితే పెట్టుకోండి.

అప్పున్నవాడిని బెదిరించి గుట్టు లాగుతారన్నారు. మీరు నాకు తొమ్మిదేళ్లుగా అప్పున్నారు. ఒక్కనాడైనా బెదిరించానా? మా వంశం అది.

ఇట్లు,
పిల్ల తాతయ్య

తా.క. మీసం తీయించుకున్నాను. మంగలి అద్దం పెడితే బోడి మూతి స్పష్టంగా కనిపించింది. పిల్ల కొనిచ్చిన చూపు మరి.

ఇంకో తా.క. గురువారం పొద్దున్నే సంచీ పట్టుకుని మీ పెట్టె తాళం తీయడానికి వస్తున్నాను. పాత కూలి, కొత్త కూలి కలిపి తీసి ఉంచండి, పిల్ల బ్యాంకు అప్పుకి కట్టాలి. ఉద్యోగం ఉందో లేదో ఆ రోజే నా మొహం చూసి చెప్పాలి. గురువారం అంటే గురువారమే. రేపు అనకండి.