గులాబీ రంగు చూసి పెట్టిన సంతకం

1974 ఏప్రిల్ 15, సోమవారం
బహదూర్‌పురా గల్లీలో కొత్త బోరు. పంపు చూసుకునే మల్లేశన్న సీసాలో నీళ్ళు తెచ్చాడు. జిర్కోనియం, అలిజరిన్ కలిసిన ఎర్ర మందు పోశాను. నీళ్ళలో ఫ్లోరైడ్ ఉంటే మందులోని జిర్కోనియాన్ని తన వైపు లాక్కుంటుంది, ఎరుపు పోయి పసుపు తేలుతుంది. గంట ఆగి చూశాను. నీళ్ళలో కలిసి గులాబీ అయిన రంగు చెక్కుచెదరలేదు. 'తాగవచ్చు' అని రాసి సంతకం పెట్టాను. మా ల్యాబు సారు కూడా పెట్టారు. రిపోర్టు పై ఆఫీసుకు పోయింది. శుక్రవారం పంపు తెరుస్తారట. మా అక్క వాళ్ళ గల్లీయే... ఇక రెండు వీధులవతల నుంచి బిందెలు మోయక్కర్లేదు.

ఏప్రిల్ 16
నిన్న ఆ గాజు గొట్టం కడగడం మరిచాను. పొద్దున చూస్తే — పసుపు. పక్కన పోల్చడానికి పెట్టినవి మాత్రం నిన్నటి రంగులోనే ఉన్నాయి. అంటే మందు తప్పు కాదు, ఆ సీసా నీళ్ళలోనే ఏదో ఉంది.

ఏప్రిల్ 17
మల్లేశన్నను క్యాంటీన్ దగ్గర పట్టుకున్నాను. నీళ్ళు ఎక్కడ పట్టావన్నా అని అడిగితే మురిసిపోతూ చెప్పాడు.
"బోరు నీళ్ళు మట్టిమట్టిగ వస్తున్నయమ్మా. గట్లనే ఆఫీసుకు ఎట్ల తెస్త? ఇంటికాడ బిందెల పోసి, పటిక తిప్పి, తేటగయినంక తెచ్చిన."
ఆఫీసుకు మట్టినీళ్ళు తేవడం మర్యాద కాదట! గట్టిగా అరిచాను. ఆ ముఖం చూశాక సిగ్గేసింది. పటికలో అల్యూమినియం. ఫ్లోరైడ్‌ను అదే పట్టుకు కూర్చుంది, గంటలో వదల్లేదు, తెల్లారేసరికి వదిలింది. సీసా ఎలా నింపావని సోమవారమే అడగాల్సింది. అడగలేదు. తప్పు నాదే.

ఏప్రిల్ 18
నేనే వెళ్ళి బోరు నీళ్ళు పట్టాను. బురద వడగట్టాను, పటిక లేదు. పది నిమిషాలకే పసుపు. పిల్లల పళ్ళు పచ్చబడే నీళ్ళు, ఏళ్ళు గడిస్తే ఎముకలు బిగుసుకుపోయే నీళ్ళు.
సారుకు చూపించాను. గొట్టం పక్కకు జరిపారు.
"రిపోర్టు పోయింది కదమ్మా. గిప్పుడు తప్పంటే నీ పర్మినెంట్ ఫైలు ఏమైతదో చూసుకో."
నా ఉద్యోగం పర్మినెంట్ చేసే ఆ ఫైలు ఆయన టేబుల్ మీదే ఉంది. భయమేసింది. నోరు మూసుకుని వచ్చి కూర్చున్నాను... ఛీ.

ఏప్రిల్ 19, శుక్రవారం
పంపు తెరిచారు. ఆఫీసు నుంచి నేరుగా వెళ్ళాను. బిందెల వరస, నవ్వులు. అక్కను పక్కకు పిలిచి చెప్పాను — బట్టలకు, గిన్నెలకు వాడుకోండి, తాగొద్దు. ముందు పరాచికమనుకుంది. తర్వాత చెయ్యి పట్టుకుని పంపు దగ్గరికి లాక్కెళ్ళింది. గోడకు నా సంతకంతో ఉన్న రిపోర్టు అంటించారు.
"నీ దస్కత్ నేనే అందరికి చూపిచ్చిన, మా చెల్లె చూసిన నీళ్ళని. గిప్పుడు తాగొద్దంటే ఏ మాట నమ్మాలె?"
వరసలో ఆడవాళ్ళందరూ నన్ను ప్రేమగా చూస్తున్నారు. ఒకావిడ ముంతతో నీళ్ళు అందించింది. అలసిపోయినట్టున్నావు బిడ్డా, తాగమంది. తాగాను. ఎందుకు తాగానో తెలియదు.

ఏప్రిల్ 20
కొత్త రిపోర్టు. 'తాగరాదు.' కింద నా సంతకం. రెండు కాపీలు రాశాను. ఒకటి సారు టేబుల్ మీద, నా ఫైలు పైనే పెట్టాను. రెండోది సంచిలో, జిగురు సీసాతో పాటు. ఆయన సంతకం లేకుండా పంపు గోడకు అంటిస్తే ఉద్యోగం పోతుంది. అంటించకపోతే...
సారు వచ్చారు. చదువుతున్నారు. కలం మూత ఇంకా తీయలేదు.